నెల తప్పకముందే మొదలుపెట్టు

భీమవరం

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. "సంక్రాంతి వెళ్లాక పిల్లల సంగతి చూద్దామనుకుంటున్నాం అత్తయ్యా, నెల తప్పగానే డాక్టరు దగ్గరికెళ్లి మాత్రలు మొదలుపెడతా" అన్నావు. మొదటి సగానికి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. రెండో సగం కోసమే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు.

మిగతా మందుల మాట ఎలా ఉన్నా, ఫోలిక్ యాసిడ్‌కి నెల తప్పేదాకా ఆగకూడదు. లెక్క నువ్వే చూసుకో. గర్భం నిలిచిన రోజు ఒకటి అనుకుంటే, పద్నాలుగో రోజుకి అటూ ఇటూగా నీకు నెల రావాలి, రాదు. ప్రయాణం వల్లేమో, ఒక వారం చూద్దామనుకుంటావు. తర్వాత పరీక్ష, ఆ తర్వాత మీ ఆయనకి సెలవు దొరికే శనివారం, డాక్టరు దగ్గర టోకెను. ఈలోగా ఇరవై ఎనిమిదో రోజు వచ్చేస్తుంది. అప్పటికి పిండం పెసరగింజంత ఉంటుంది. కానీ ముందుముందు మెదడు, వెన్నుపాము కావలసిన గొట్టం మూసుకోవడం అప్పటికే అయిపోతుంది. డాక్టర్లు దాన్ని నాడీనాళం అంటారు.

అది మూసుకునే తీరు నీకు తెలిసినదే. మొదట అదొక పల్చటి రేకు. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి అతుక్కుంటాయి. చిన్నప్పుడు కజ్జికాయల అంచులు నొక్కేటప్పుడు నువ్వు నడిమిలో మొదలుపెట్టి రెండు కొసలకీ వెళ్లేదానివి. ఒక కొస నుంచి రమ్మని మీ అమ్మ తిట్టేది. పిండానిది నీ పద్ధతే. మెడ దగ్గర మొదలై అటు తలవైపు, ఇటు నడుం వైపు మూసుకుంటూ పోతుంది. కింది కొస మూసుకోకపోతే వెన్ను తెరిచి ఉండిపోతుంది, దాన్నే స్పైనా బైఫిడా అంటారు. పై కొస మూసుకోకపోతే మెదడులో చాలా భాగమూ, పుర్రె పైభాగమూ ఏర్పడవు. ఆ బిడ్డ బతకదు.

ఇందులో ఫోలేట్, అదే మాత్రలో ఫోలిక్ యాసిడ్‌గా ఉండేది, దాని పనేమిటంటావా? ఒక కణం రెండు కావాలంటే ముందు లోపలి డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. ఆ నకలుకి కావలసిన సరుకు తయారవడానికి ఫోలేట్ ఉండాలి. కణాలు చకచకా రెట్టింపయ్యే ఆ నాలుగు వారాల్లో అది చాలకపోతే, అంచులు కలవకుండా మిగిలిపోయే ముప్పు పెరుగుతుంది.

ముప్పై రెండేళ్లు ఏఎన్ఎంగా చేసినదాన్ని, నాకిదంతా ముందే తెలుసనుకోకు. 1994లో ఒక కాన్పు చేశాను. ఆ అమ్మాయి నేనిచ్చిన నూరు ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్రలూ ఒక్కటి మానకుండా మింగింది. బిడ్డని తిప్పి చూస్తే నడుం మీద నిమ్మకాయంత బుడగ, పైన ఉల్లిపొర లాంటి పల్చటి చర్మం. కాళ్లు కదపలేదు. అత్తగారు గ్రహణం నాడు కోడలు కూరగాయలు తరిగిందని గోల పెట్టింది. ఆ పిల్ల నావైపే చూసి, "మాత్రలన్నీ వేసుకున్నా కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు అంతకు మూడేళ్ల ముందే, 1991లోనే వచ్చింది, మా దాకా రాలేదంతే. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో, ముందు ఇలాంటి గర్భం వచ్చిన తల్లుల మీద పరీక్ష చేసింది. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన గుంపుల్లో 6 కేసులు వస్తే, ఇవ్వని గుంపుల్లో 21 వచ్చాయి. అంటే నూటికి డెబ్బైరెండు వంతులు తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి పరీక్షని మధ్యలోనే ఆపేశారు. నేను మాత్రలు ఇచ్చేది పేరు రాయించుకున్నాక, మూడో నెలో నాలుగో నెలో వచ్చాక. అవి రక్తానికి పనికొచ్చాయి, వెన్నుకి కాదు. మాత్ర మంచిదే, ఇచ్చిన రోజు తప్పు. ఆ అమ్మాయి తప్పు మాత్రం రవ్వంత కూడా లేదు, గ్రహణం తప్పూ లేదు.

ఫోలిక్ అనే పేరు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ జట్టుకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈ ఊళ్లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నందుకు నాకు కాస్త గర్వమే అనుకో. ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి, కొందరిలో జబ్బుని కొంతకాలం వెనక్కి నెట్టాడు. తర్వాత అదే మందు గర్భిణుల కడుపులో పడినప్పుడు పిండాలు పోయాయి, కొన్ని అవకరాలతో పుట్టాయి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ కీళ్లవాతానికి ఇస్తున్నారు. గర్భం కావాలనుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి అది ముందే మానుకోవాలి.

ఇక మోతాదు. ప్రభుత్వ పద్ధతి ప్రకారం పిల్లలు కావాలనుకునేవాళ్లూ, మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లూ రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. నాలుగో నెల నుంచి ఐరన్ కలిసిన మాత్ర 180 రోజులు. మందుల షాపులో అడిగితే చాలాచోట్ల 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు, పన్నెండు రెట్ల పైమాటే. అంత మోతాదు ముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ, కొన్ని ఫిట్స్ మందులు వాడేవాళ్లకీ డాక్టరు చూసి రాస్తారు. మీ తోటికోడలు ఫిట్స్‌కి మాత్రలు వాడుతోందట కదా. పేరు వాల్‌ప్రోయేట్ అయితే గర్భం మాట తలపెట్టకముందే తన డాక్టరుని కలవమను. సొంతంగా మానేస్తే ఇంకో ప్రమాదం.

తోటకూర పప్పు తింటున్నా కదా అని నువ్వంటావని తెలుసు. తిను. శనగలు, మొలకెత్తిన పెసలు, వేరుశనగలు అన్నిట్లోనూ ఫోలేట్ ఉంది. కాకపోతే అది వేడికి చెడుతుంది, నీళ్లలోకి దిగిపోతుంది. ఆకు కడిగాకే తరుగు, ఉడికించిన నీళ్లు పారబోయకు. అంత చేసినా తిండిలోది మాత్రలోదంత బాగా ఒంటబట్టదు. నువ్వు మాంసం, గుడ్డు ముట్టవు కాబట్టి బీ12 పరీక్ష కూడా చేయించుకో. అది తక్కువగా ఉన్నా ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగున్నట్టే చూపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి.

మాత్ర వేసుకుంటే ఏ లోపమూ రాదని నేను పూచీ పడను. కొన్ని జన్యువుల వల్ల, తల్లికి అదుపులో లేని షుగర్ వల్ల కూడా వస్తాయి. అందుకే స్కానింగులు ఎగ్గొట్టకు.

ఒంట్లో ఫోలేట్ నిండడానికి వారాలు పడుతుంది. సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది, సరిగ్గా సరిపోతుంది. మూడో నెల దాకా బయటికి చెప్పకూడదని మీ అమ్మ అంటుంది, చెప్పకు. కానీ మాత్ర వేసుకోవడానికి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ వారంలోనే డాక్టరుని కలిసి రాయించుకో, రాత్రి అన్నం తిన్నాక మొదటిది వేసుకుని నాకు ఫోన్ చెయ్యి. ఈ కాగితం మీ తోటికోడలికి కూడా చూపించు.

మీ అత్తయ్య