మసక గెలాక్సీలు - గ్రామదీపములు

వైశాఖమున రాత్రి రెండవ జామున నర్సింహులపేటలో తల యెత్తి చూచినచో, నడినెత్తికి పడమట ఉత్తర ఫల్గుణి, తూర్పున స్వాతి నక్షత్రము కానవచ్చును. వాని నడుమ, కొంచెము ఉత్తరముగా, కంటికి అందని కోమా గుచ్ఛము కలదు. మన సూర్యుడు పాలపుంత అను గెలాక్సీలోని ఒక నక్షత్రము మాత్రమే. అట్టి గెలాక్సీలు వేయికి పైగా అచట గుమిగూడి యున్నవి. వాని వెలుగు మనలను చేరుటకు సుమారు 32 కోట్ల సంవత్సరములు పట్టును.

2015లో అమెరికా, కెనడా శాస్త్రజ్ఞులు కెమెరా కటకములను జతపరచి నిర్మించిన డ్రాగన్‌ఫ్లై దూరదర్శినితో, అచట మిక్కిలి మసకయైన 47 గెలాక్సీలను గుర్తించిరి. అదే సంవత్సరము జపాను వారి సుబారు దూరదర్శిని చిత్రములలో 854 లెక్కకు వచ్చినవి. వీనిలో పెద్దవి వైశాల్యమున పాలపుంతకు తీసిపోవు; నక్షత్రములు మాత్రము అందలి నూరవ వంతైనను లేవు. గంపెడు జొన్నలు కుప్ప పోసిన దూరమునకే కానవచ్చును; పిడికెడు జొన్నలు కల్లమంతయు వెదజల్లిన చెంత నిలిచినను కానరావు. ఇదియు అట్టిదే. పొరుగు గెలాక్సీల ఆకర్షణకు ఇవి చెదరకుండుటకు అదృశ్యమైన కృష్ణపదార్థము కారణమని పలువురి అభిప్రాయము.

ఇంత మసక వెలుగును పట్టుటకు చిక్కని చీకటి కావలెను. హైదరాబాదులోని నిజామియా వేధశాలకు నగరదీపములు అడ్డు కాగా, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1968లో జపాల్, రంగాపూర్ గ్రామముల చెంత 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పెను. పిదప నగరపు వెలుగు అచటికిని వ్యాపించినది.

వీధిదీపము బాటకే గాని ఆకాశమునకు గాదు. పంచాయతీ సభ్యులు దీపములకు పైమూత అమర్పించి వెలుగు నేలపైననే పడునట్లు చూచినచో, చిన్న దీపమే చాలును, విద్యుత్తు మిగులును, నక్షత్రములు మన బిడ్డలకు మిగులును.