ఇంపోర్ట్ రాసినా ఎర్రర్ ఎందుకొస్తుంది?

అల్లూరు గుంటల్లో పట్టిన వనామీ రొయ్య ప్లాంటు దాటి కంటైనర్ ఎక్కేలోపు దాని వెంట బోలెడు కాగితాలు నడుస్తాయి. యూరప్ కొనుగోలుదారు ఇన్‌వాయిస్‌ను యూబీఎల్ అనే ప్రామాణిక ఎక్స్ఎంఎల్ ఫార్మాట్‌లో అడిగితే, ఆ పని చివరికి ఎగుమతిదారు సాఫ్ట్‌వేర్ చూసే మీ నెత్తినే పడుతుంది. లోడింగ్ తేదీ మీ కోసం ఆగదు. కాబట్టి ఒక స్కీమాలోంచి ఇంకో స్కీమాను వాడుకునేటప్పుడు పని ఎక్కడ చెడుతుందో ముందే తెలిసుండాలి.

ఒక చిన్న కేసు తీసుకోండి. రైతు వివరాలకు ఒక స్కీమా, పట్టుబడి లాట్‌కు ఇంకో స్కీమా, నేమ్‌స్పేస్‌లు వేర్వేరు. లాట్ ఫైల్‌లో రైతు వివరాలు కావాలి. ఇంపోర్ట్ లైను ఒక్కటే రాస్తే చాలదు. ఆ నేమ్‌స్పేస్‌కు ప్రిఫిక్స్ కూడా డిక్లేర్ చేయాలి, పిలిచే ప్రతిచోటా ఆ ప్రిఫిక్స్ వాడాలి. పిలిచేది రైతు ఫైల్‌లో గ్లోబల్‌గా, అంటే స్కీమా ట్యాగ్‌కు నేరుగా కింద ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా వ్యాలిడేటర్ ఎర్రర్ ఇచ్చి, చాలాసార్లు ‘ఎస్ఆర్‌సీ-రిజాల్వ్’ అని ఆగిపోతుంది. నేమ్‌స్పేస్ ఒకటే అయితే ఇంపోర్ట్ కాదు, ఇన్‌క్లూడ్ రాయాలి.

ఎక్కువమంది తడబడేది రెఫ్, టైప్‌ల దగ్గర. రెఫ్‌తో తెస్తే ఎలిమెంట్ పేరూ నేమ్‌స్పేసూ రైతు ఫైల్‌వే. టైప్‌తో తెస్తే పేరు మీరు పెట్టేదే. అమ్మకందారు, ఏజెంట్ అని రెండు పాత్రలకు ఒకే వివరాలు కావాలంటే టైపే సరి. కానీ రెండు స్కీమాల్లోనూ ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ క్వాలిఫైడ్‌గా ఉంటే, బయట ‘లాట్:అమ్మకందారు’ అని రాసినా లోపల ‘రైతు:ఫోన్’ అనే రాయాలి. ఇది చూసుకోకుండా శాంపిల్ ఫైల్ పంపితే అవతలివాళ్లు వెంటనే తిప్పి పంపుతారు.

ఇంపోర్ట్ గొలుసుగా పాకదు. లాట్ రైతును, రైతు చిరునామాను ఇంపోర్ట్ చేసినా, లాట్‌లో చిరునామా టైప్ నేరుగా కావాలంటే లాట్ కూడా దాన్ని ఇంపోర్ట్ చేయాలి. ఒకే నేమ్‌స్పేస్ రెండు ఫైళ్లలో ఉంటే రెండు ఇంపోర్ట్‌లు రాయకండి. మామూలు సెట్టింగ్‌లో జెర్సెస్ వ్యాలిడేటర్ రెండోదాన్ని పట్టించుకోదు. రెండింటినీ ఇన్‌క్లూడ్ చేసే ఒక ఫైల్ పెట్టి, దాన్నే ఇంపోర్ట్ చేయండి.

ఇక అసలు యూబీఎల్‌కు వస్తే, 2.1 ప్యాకేజీలో ఇన్‌వాయిస్ స్కీమా ‘మెయిన్‌డాక్’ ఫోల్డర్‌లో, అది ఇంపోర్ట్ చేసే సీఏసీ, సీబీసీ అనే ఉమ్మడి స్కీమాలు ‘కామన్’ ఫోల్డర్‌లో ఉంటాయి. ఇన్‌వాయిస్ ఫైల్ ఒక్కదాన్నే కాపీ చేసుకుంటే దారి తెగుతుంది. ఫోల్డర్లను అలాగే ఉంచండి, ఆ ఫైళ్లలో అక్షరం కూడా మార్చకండి.

స్కీమా పాసైనంత మాత్రాన పని అయినట్టు కాదు. యూరప్ ఇ-ఇన్‌వాయిస్ ప్రమాణమైన ఈఎన్ 16931 నియమాలను స్కీమాట్రాన్ వేరుగా చూస్తుంది. ‘రెడీ’ అని క్లయింట్‌కు మెయిల్ కొట్టేది రెండూ దాటాకే.