సర్పంచి అయిన అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,
పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. డంపింగ్ యార్డు ఎస్సీ కాలనీ పక్కన పెట్టాలని పంచాయతీలో తీర్మానం చేశారు, కాలనీవాళ్లు ట్రాక్టరుకు అడ్డం కూర్చున్నారు. "ఓట్లేసి గెలిపించారు, రూలు ప్రకారమే చేశాం, ఇంకా ఎందుకు వినరు?" అని అడిగావు.

నీ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అందరూ ఒప్పుకుంటేనే పని మొదలుపెడతామంటే ఊళ్లో ఒక్క కాలువా బాగుపడదు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం లాంటి పద్ధతులు కూడా వదిలెయ్యాలని అంబేద్కరే 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చెప్పారు. ఈ మాట కాలనీవాళ్లకు చెప్పాలని నీకు అనిపిస్తుంది. చెప్పేముందు, అంతకు ఏడాది ముందు, 1948 నవంబరు 4న, అదే సభలో ఆయన మెజారిటీ వాళ్లకు చెప్పింది కూడా విను. ఇక్కడి మెజారిటీ రాజకీయ మెజారిటీ కాదు, సామాజిక వర్గాల మెజారిటీ. అయినా అల్పసంఖ్యాకులు దాని పాలనకు ఒప్పుకున్నారు కాబట్టి, వాళ్లపట్ల వివక్ష చూపకపోవడం మెజారిటీ బాధ్యత అన్నారు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉందమ్మా. ఓడినవాళ్లు ఎందుకు తలొగ్గుతారు? రేపు నలుగురిని ఒప్పించి తామూ గెలవొచ్చన్న నమ్మకంతో. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని 1977లో ఓట్లే దించాయి. మరి మన కాలనీ సంగతి? వాటర్ ట్యాంకు ఎక్కడ కట్టాలన్నా, మురుగు ఎటు మళ్లించాలన్నా, ఎన్నిసార్లు చేతులెత్తినా ఓడేది ఆ ఇళ్లే. పుట్టుకను బట్టి ఏర్పడ్డ మెజారిటీని వాళ్లు ఎవరిని ఒప్పించి మార్చగలరు? లెక్కలో ఉన్నారే గానీ చర్చలో ఎన్నడూ లేరు. అలాంటి తీర్మానానికి చట్టబలం ఉండొచ్చు. వాళ్లు మనస్ఫూర్తిగా కట్టుబడాలని అడిగే హక్కు మాత్రం నీకింకా రాలేదు.

ఒడిశాలో నియమగిరి కొండమీద బాక్సైట్ తవ్వాలనుకున్నప్పుడు ఏం జరిగిందో చూడు. ఆ కొండమీద అక్కడి గిరిజనులకున్న హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా జడ్జి సమక్షంలో 12 ఊళ్లలో సభలు పెట్టారు. ఆ గిరిజనులు, డోంగ్రియా కోంధులు, లేచి, అది తమ దేవుడున్న కొండ అని తమ భాషలో చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. రాష్ట్రమంతటా ఓటు పెడితే ఏం తేలేదో చెప్పలేం. కొండ పోగొట్టుకునేవాళ్లను ముందు అడగడమే అక్కడ న్యాయం.

కాబట్టి ట్రాక్టరు ఆపించు. పోలీసులను పిలవొద్దు. గ్రామసభ కాలనీలోనే పెట్టు, కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, సాయంత్రం. ముందురోజే చాటింపు వేయించు. వీలున్న స్థలాలన్నీ సర్వే నంబర్లతో ముందుంచు. చెరువుగట్టు కింద మన పొలాన్ని ఆనుకుని ఉన్న పోరంబోకు కూడా అందులో ఉండాలి. దాన్ని వదిలేస్తే నీ మాట ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ముందు వాళ్లను మాట్లాడనివ్వు. ప్రతి అభ్యంతరాన్నీ, దానికి నీ జవాబునూ మినిట్స్ పుస్తకంలో రాయించు. అన్నీ విన్నాక కూడా అక్కడే పెట్టక తప్పదని తేలితే, కారణం రాసి, ఏడాదికి మళ్లీ చర్చకు పెడతామని ఆ తీర్మానంలోనే చేర్చు.

మీ నాన్నకు పొలం పక్కన చెత్త అంటే కోపం వస్తుంది. ఆయనతో నేను మాట్లాడతాను. నువ్వు సభ తేదీ ఖాయం చేసి రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న