ఇల్లు పదికాలాలు నిలవాలంటే



ఇల్లు కట్టడం చిన్న పని కాదు. బాయిలో ఏళ్ల తరబడి పని చేసిన మనిషి ఒకరోజు దిగిపోతాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. చేతికొచ్చిన డబ్బంతా ఇంటి మీద పెడతారు. మళ్లీ కట్టుకుందామంటే డబ్బు ఉండదు.

కొందరు ఉద్యోగంలో ఉండగానే కడతారు. ఇంటాయన డ్యూటీకి పోతాడు. కట్టే చోట నిలబడేది మీరే. అందుకే పని మంచిచెడ్డలు మీకు తెలియాలి.

బరువు ఎవరు మోస్తారు?

బొగ్గు తీసేటప్పుడు బాయిలో కొంత బొగ్గును పిల్లర్లుగా వదులుతారు. ఎందుకు? పైకప్పు బరువు మోయడానికి. ఇల్లు కూడా అంతే. స్లాబు బరువు బీము మీద పడుతుంది. బీము బరువు పిల్లరు మీద పడుతుంది. పిల్లరు బరువు పునాది మీద, పునాది బరువు నేల మీద పడుతుంది. వీటిలో ఒక్కటి బలహీనమైనా ఇంటికి ముప్పే.

2025 మార్చి 26న భద్రాచలంలో కడుతున్న ఒక పెద్ద భవనం కూలిపోయింది. ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. పాత కట్టడం మీదనే అంతస్తులు పెంచారని పత్రికలు రాశాయి.

ఒక్క అంతస్తు కోసం వేసిన పునాది మూడు అంతస్తులు మోయదు. ముందుముందు పైన కట్టాలని ఉంటే, పునాది తీయకముందే ఇంజనీరుకు చెప్పాలి. ఆయన గీసిన ప్లాను ప్రకారమే కట్టించాలి.

నేల చూసి కట్టాలి

కింద బొగ్గు తీసిన చోట పైనేల కుంగవచ్చు. ప్లాటు కొనేముందే ఈ సంగతి విచారించాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. దానితోపాటు గోడలూ పగులుతాయి. అలాంటి నేలలో పునాది ఎంత లోతు తీయాలో ఇంజనీరే చెప్పాలి.

కలిపేటప్పుడు

మామూలు ఇంటి స్లాబుకు సిమెంటు 2 డబ్బాలు పోస్తే ఇసుక 3 డబ్బాలు, కంకర 6 డబ్బాలు పోయాలి. పారతో అందాజుగా పోయొద్దు. డబ్బాతో కొలిచి పోయాలి. ఇసుకను పిడికిట్లో నలపండి. చేతికి మట్టి అంటితే ఆ ఇసుక మంచిది కాదు.

ఇక నీళ్లు. ఒక బస్తా సిమెంటుకు 25 నుంచి 30 లీటర్లు చాలు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువవుతుందని కొందరు ఎక్కువ పోస్తారు. ఎసరు ఎక్కువైతే అన్నం జావ అవుతుంది కదా! కాంక్రీటు కూడా అంతే. ఎక్కువైన నీరు ఆరిపోయాక లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిలో నుంచి తడి సలాకలకు చేరుతుంది. సలాక తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులు ఊడిపడతాయి. పక్కన పడుకున్న పిల్లల మీదా పడవచ్చు.

సలాకలు కట్టేటప్పుడు

సలాక చెక్కకు ఆనకూడదు. కింద సిమెంటు బిళ్లలు పెట్టాలి. స్లాబుకు ముప్పావు అంగుళం, బీముకు ఒక అంగుళం, పిల్లరుకు ఒకటిన్నర అంగుళం, పునాదికి రెండు అంగుళాల మందం కాంక్రీటు సలాకను కప్పాలి.

సజ్జ సంగతి వేరు. దానికి ముఖ్యమైన సలాకలు పైవైపు ఉండాలి. తట్టలు మోసేవాళ్లు వాటి మీద నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. అలాంటి సజ్జ విరిగిపడుతుంది. నడవడానికి పైన పలకలు వేయించండి.

2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. మన బొగ్గు ప్రాంతంలో కూడా నేల కదిలింది. అలాంటప్పుడు పిల్లరును పట్టి ఉంచేవి రింగులే. రింగు కొసలు లోపలికి బాగా వంచి ఉండాలి. ఊరికే పక్కకు మడిస్తే విడిపోతాయి.

నీళ్లు పట్టడం

సిమెంటు ఎండకు ఎండి గట్టిపడదు. నీరు తాగి గట్టిపడుతుంది. ఇప్పుడు దొరికే సిమెంటులో చాలావరకు కరెంటు కేంద్రాల బూడిద కలుస్తుంది. అది చెడ్డది కాదు. కానీ నెమ్మదిగా బలపడుతుంది. మన రామగుండం ఎండలు మీకు తెలిసినవే. అందుకే 14 రోజులు తడి ఆరనీయొద్దు. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపండి. పిల్లర్లకు తడి గోనెసంచులు చుట్టండి.

తొందరపడి సెంట్రింగు ఊడదీయించొద్దు. స్లాబు కింద 14 రోజులు, బీముల కింద 21 రోజులు ఉంచితే మేలు. అద్దె కొంచెం పెరుగుతుంది. పెరగనీయండి.

అడగడానికి వెనుకాడొద్దు

“నీకేం తెలుసమ్మా? నేను ఇరవై ఏళ్ల నుంచి కడుతున్న” అని మేస్త్రి అనవచ్చు. కోపం వద్దు. “నిజమే అన్నా, నీ పని మంచిదే. అయినా బిళ్లలు పెట్టినంక, ఇంజనీరు చూసినంకనే పోద్దాం” అని చెప్పండి. కాంక్రీటు పోసిన తర్వాత లోపలి తప్పు కనబడదు. పోయకముందే చూడాలి. డబ్బు మీది. ఆ కప్పు కింద పడుకునేది మీ పిల్లలు.

ఆలోచించండి, చెప్పండి

1. సజ్జలో సలాకలు ఎటువైపు ఉండాలి?
2. నీళ్లు ఎక్కువ పోస్తే ఏమవుతుంది?
3. మీ వాడలో పెచ్చులూడిన స్లాబు ఉందా? కారణం ఏమై ఉంటుంది?

లెక్క చేయండి

1. ఒక బస్తాకు 25 లీటర్ల నీళ్లు. 10 బస్తాలకు ఎన్ని లీటర్లు?
2. సిమెంటు 4 డబ్బాలైతే ఇసుక ఎన్ని డబ్బాలు? కంకర ఎన్ని డబ్బాలు?

రాయండి

ఇల్లు కట్టేవాళ్లు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. స్లాబు వేసిన తేదీ, బస్తాల లెక్క, నీళ్లు పట్టిన రోజులు మీ చేత్తో మీరే రాయండి.