గాలి పంపు తీసెయ్యకండి

వద్దమ్మా, ఆ గాలి పంపు తీసెయ్యకండి. నిన్న ఫోనులో సగమే చెప్పగలిగాను, మిగతాది కాగితం మీద పెడుతున్నాను, నిదానంగా చదువు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, సిలిండరు ఆగదు, అందుకని పసికందు ఊపిరితిత్తులకు గాలి ఒత్తిడి ఇచ్చే బబుల్ సీప్యాప్‌ను ఉత్త ఆక్సిజన్ మీదే నడిపేస్తే ఖర్చు తగ్గుతుంది, కొల్లేటి లంకల్లోనూ పనికొస్తుంది అని మీ జట్టు లెక్క వేసింది. "ఇందులో తప్పేముంది పెద్దమ్మా?" అని అడిగావు. చాలా పెద్ద తప్పుంది. ఆ లెక్కలో బిడ్డ కళ్లు లేవు.

గాలి గదుల్ని ముడుచుకోనివ్వని సర్ఫాక్టెంట్ సంగతులు నీ పుస్తకాల్లో ఉన్నాయి, మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం తలకెక్కించుకో. ఒత్తిడి వేరు, ఆక్సిజన్ వేరు. గొట్టం కొసను నీళ్ల సీసాలో అయిదు సెంటీమీటర్ల లోతున ముంచితే బిడ్డ ఊపిరితిత్తులకు అయిదు సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అందుతుంది. ముడుచుకుపోయే గాలి గదుల్ని తెరిచి ఉంచేది ఆ ఒత్తిడే. అవి ఒకసారి తెరుచుకున్నాక, నెలలు నిండని బిడ్డల్లో చాలామందికి ముప్పై శాతం ఆక్సిజన్ సరిపోతుంది. కొందరికి మామూలు గాలే చాలు. అయిదు లీటర్ల ప్రవాహంలో ఒక లీటరు ఆక్సిజన్, నాలుగు లీటర్లు గాలి కలిపితే సుమారు 37 శాతం వస్తుంది. ఆ నాలుగు లీటర్లూ ఇచ్చేది మీరు తీసేద్దామంటున్న పంపే.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ విషయం నేను ఎవరికీ క్లుప్తంగా చెప్పలేను.

1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్లలో కటకం వెనక తెల్లని పొర కట్టడం గమనించి రాశాడు. ఆ తర్వాత పదేళ్లలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది మంచి ఆసుపత్రుల్లో, ఖరీదైన ఇంక్యుబేటర్లలో పెరిగినవాళ్లే. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరమ్మ, ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చే చోట గుడ్డితనం ఎక్కువగా ఉందని పట్టుకుంది. 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష మొదలుపెట్టి, అది నిజమేనని తేల్చాయి. బిడ్డ బతకాలని తెరిచిన ఆక్సిజనే కంటి రక్తనాళాలను ఎదగాల్సిన దారి తప్పించింది. గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది కూడా ఈ జబ్బుతోనే.

దాంతో డాక్టర్లు భయపడి ఆక్సిజన్‌ను బాగా బిగించేశారు. కళ్లు దక్కాయి కానీ, ఊపిరాడక చనిపోయే పిల్లల సంఖ్య పెరిగింది. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ రెండో సగాన్ని. ఎక్కువైతే కళ్లు పోతాయి, తక్కువైతే ప్రాణం పోతుంది. మధ్యలో ఉన్న దారి సన్నం. 2010 నుంచి వచ్చిన పెద్ద పరిశోధనలు రక్తంలో ఆక్సిజన్ మట్టం (సాచురేషన్) 85–89 శాతం, 91–95 శాతం ఉంచితే ఏమవుతుందో పోల్చి చూశాయి. కింది మట్టంలో కంటి జబ్బు తగ్గింది కానీ మరణాలు పెరిగాయి. అందుకే ఇవాళ ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని బిడ్డకు 90–95 మధ్య ఉంచమంటారు. మీ సీసాకు నూరు శాతం ఆక్సిజన్ కట్టేస్తే, ఆ దారిలో నడిపించే పగ్గం నర్సు చేతిలో లేకుండా పోతుంది.

ఇదంతా మనకు దూరపు చరిత్ర కాదు. మన దగ్గర చిన్న ఊళ్లలోనూ ఇంక్యుబేటర్లు వచ్చి, నెల తక్కువ బిడ్డలు బతకడం మొదలయ్యాక ఈ జబ్బు మనకూ వచ్చింది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1990ల చివర్లోనే జంటనగరాల్లోని నవజాత శిశువుల వార్డులకు వెళ్లి కళ్లు చూడటం మొదలుపెట్టారు. విజయవాడ పక్కన తాడిగడపలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన బిడ్డకు ముప్పై రోజుల్లోపు కళ్లు చూపించాలి. మరీ చిన్నవాళ్లకు ఇంకా ముందే. అప్పటికి తల్లి ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. గుడివాకలంక నుంచో కొల్లేటికోట నుంచో పచ్చి బాలింత బిడ్డనెత్తుకుని మళ్లీ రావాలంటే ఎంత కష్టమో నీకు తెలుసు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఇక చెప్పేదేముంది! వచ్చి చూపించుకోలేని బిడ్డ ఉన్న చోట, అసలు జబ్బు రాకుండా చూడటమే ఇంజనీరు చేయగల సాయం.

కైకలూరు చెరువు రైతు తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి తేలితే, మీటరు ముంచి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు. బిడ్డకు ఇచ్చే గాలినీ అంత శ్రద్ధగా కొలవాలి.

ఇంకో సంగతి అడిగావు. "మాది చేపల తొట్టెలా ఉందని అందరూ అంటున్నారు, ఇది పరిశోధన కిందికి వస్తుందా?" అని. అన్నవాళ్లకు చదువు తక్కువ. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో రెబెకా రిచర్డ్స్-కోర్టమ్, మరియా ఓడెన్ తమ విద్యార్థులతో చేయించిన సీప్యాప్‌లో ఉన్నవి చేపల తొట్టెల్లో వాడే పంపులే. మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రిలో వాడి చూసి 2014లో ఫలితాలు ప్రచురించారు. సీప్యాప్ పెట్టిన 62 మందిలో 44 మంది బతికారు. ఉత్త ఆక్సిజన్ ఇచ్చిన 25 మందిలో 11 మందే. అయితే ఆ రెండు గుంపుల్నీ లాటరీ వేసి విడదీయలేదు. కాబట్టి నీ రిపోర్టులో "నిరూపించారు" అని రాసిన చోట కొట్టేసి, "ఆశ కలిగించింది" అని రాయి. ఇలాంటి తొందర మాటలు నాకు నచ్చవని నీకు ఎన్నిసార్లు చెప్పాను?

ఈ సీప్యాప్ ఆలోచన ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకో. ఊపిరాడని పసికందు డొక్కలు ఎగరేస్తుంది, గాలి వదిలేటప్పుడు మూలుగుతుంది. ఆ మూలుగును చాలాకాలం జబ్బు లక్షణంగానే చూశారు. 1968లో కేప్‌టౌన్‌లో హారిసన్ అనే డాక్టరు బృందం, గొంతులో గొట్టం వేసి మూలుగు ఆపేస్తే రక్తంలో ఆక్సిజన్ పడిపోతోందని చూపించింది. బిడ్డ గొంతు బిగించి, గాలి పూర్తిగా బయటికి పోకుండా తనే ఒత్తిడి నిలుపుకుంటోందన్నమాట! 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ అనే డాక్టరు ఆ పనినే బయటి నుంచి యంత్రంతో చేశాడు. 20 మంది పసికందుల్లో 16 మంది బతికారు. అందుకే నీకు చెప్తున్నాను, కంప్యూటరు బొమ్మలు గీయడం కొన్నాళ్లు ఆపి, అనుమతి తీసుకుని ఎస్ఎన్‌సీయూలో, అంటే జబ్బు పసికందుల వార్డులో, ఒక మూల నిలబడి చూడు. ఆ మూలుగు ఒకసారి వింటే నీ యంత్రం ఎవరి పని అందుకుంటోందో తెలుస్తుంది.

కరెంటు సమస్య నిజమే, దాన్ని నేను కొట్టెయ్యను. కానీ సీప్యాప్ లంకలో పెట్టే వస్తువు కాదు తల్లీ. ఆక్సీమీటరు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు ఉన్న చోటే పెట్టాలి. మీది నిజంగా అవసరమయ్యేది అలాంటి చోటికి చేర్చే దారిలో, కైకలూరు నుంచి ఏలూరు దాకా వచ్చే అంబులెన్సులో. బెంగళూరులో కోయో ల్యాబ్స్ వాళ్లు చేసిన 'సాన్స్' అనే సీప్యాప్ యంత్రం గురించి చదువు. అది కరెంటుతో, బ్యాటరీతో, చివరికి చేత్తో పంపు కొట్టినా నడుస్తుంది. పాత్ సంస్థ వాళ్లు గాలినీ ఆక్సిజన్‌నూ కలిపే, కరెంటు అక్కర్లేని చిన్న బ్లెండర్లు చేశారు. ఆక్సిజన్ ధారే చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది. ఇందులో ఒక చిక్కుంది. ఎదురు ఒత్తిడి పెరిగే కొద్దీ అది లాక్కునే గాలి తగ్గుతుంది, అంటే ఆక్సిజన్ శాతం ఎవరికీ తెలియకుండా పైకి పోతుంది. మీ సీసా ఇచ్చే ఒత్తిడి దగ్గరే కొలవాలి, ఖాళీ గొట్టం దగ్గర కాదు.

బయటికి పోయే గొట్టంలో ఆవిరి నీరై నిలిస్తే సీసాలో లోతు మారకపోయినా ఒత్తిడి పెరుగుతుంది. ఆ గొట్టం వాలుగా ఉండాలి. బుడగలు ఆగిపోయాయంటే ఎక్కడో గాలి పోతోంది, ముందు ముక్కు దగ్గరా, నోటి దగ్గరా చూడాలి. గాలికి తడీ వెచ్చదనమూ లేకపోతే ముక్కు పొరలు ఎండిపోతాయి. ముక్కు గొట్టం బిగిస్తే మధ్య దూలం పుండు పడుతుంది. వీటిలో ఏది ముందు పట్టించుకోవాలో నాకంటే వార్డు సిస్టర్లకు బాగా తెలుసు. వాళ్లను అడిగే తీరిక లేదంటే మాత్రం ఈ పని మానెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. పంపు తిరిగి పెట్టండి, దానికి బ్యాటరీ కట్టండి. ఆక్సిజన్ ఎనలైజరు ఎరువు తెచ్చుకుని ప్రతి ప్రవాహం దగ్గరా, ప్రతి లోతు దగ్గరా శాతం, ఒత్తిడి రాసుకోండి. బ్యాటరీ అయిపోయే చివరి నిమిషాల్లోనూ కొలవండి. ఆ పట్టిక నాకు పంపు. ఎథిక్స్ కమిటీ కాగితాల సంగతి, మెడికల్ డివైసెస్ రూల్స్ సంగతి అది చూశాక మాట్లాడదాం. అంతవరకూ మీ యంత్రం ఏ బిడ్డ ముక్కుకూ తగలకూడదు.