ఒరలో ఉన్న కత్తి

వికారాబాద్.

అల్లుడూ,

ఇంటర్ అయ్యాక ఏం చదవాలన్న మాట మీ ఇంట్లో నడుస్తోందట. నువ్వేమో ‘సమురాయ్ జాక్’ మొదలుకొని, కత్తి పట్టుకుని ఊళ్లు తిరిగే యోధుల కార్టూన్ సీరియళ్లన్నీ వరసబెట్టి చూస్తూ, అలాంటిదొకటి నేనూ తీస్తానంటున్నావట. నీకు నాలుగు మంచిమాటలు చెప్పమని మీ అమ్మ అడిగింది. ఆ పిచ్చి మానుకో అని రాస్తానని ఆమె అనుకుని ఉంటుంది. నేనలా రాయను. ‘సమురాయ్ జాక్’ నీ మనసు పట్టుకుందంటే అందులో తప్పేమీ లేదు. అయితే నిన్ను పట్టుకున్నదేమిటో నువ్వు సరిగ్గా తెలుసుకోవాలి. కత్తియుద్ధమే అనుకుంటున్నావు. కత్తియుద్ధాలు సవాలక్ష కార్టూన్లలో ఉన్నాయి, వాటిలో చాలావాటిని జనం నెల తిరిగేసరికి మర్చిపోతారు. ఇది ఇరవై ఏళ్లు దాటినా నిలిచిందంటే దానికి నిగ్రహమే కారణమని నా అభిప్రాయం. మాట, గీత, నెత్తురు, చివరికి కథానాయకుడి సొంత కోరిక, వీటన్నిటినీ ఎక్కడ ఆపాలో తెలిసిన సీరియల్ అది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే నువ్వు చూసినదీ సార్థకమవుతుంది, రేపు తీయబోయేదానికీ దారి దొరుకుతుంది.

ముందు మాట, గీత సంగతి చూడు. దీన్ని సృష్టించిన జెండీ టార్టకోవ్‌స్కీ మాస్కోలో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా చేరినవాడు. ఈ సీరియల్ కార్టూన్ నెట్‌వర్క్‌లో 2001 ఆగస్టు 10న మొదలై 2004 దాకా నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు నడిచింది. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. అకూ అనే మాయావి ఒక రాజకుమారుణ్ణి తాను ఏలే భవిష్యత్తులోకి విసిరేస్తాడు. వెనక్కి వెళ్లే దారి వెతుక్కుంటూ అతను, అంటే మన జాక్, ఊరూరా తిరుగుతాడు. పిల్లల కార్టూన్లలో పాత్రలు సాధారణంగా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడతాయి. ఇందులో నిమిషాల తరబడి గాలి చప్పుడు, అడుగుల చప్పుడు తప్ప మాటే వినపడదు. బొమ్మ చుట్టూ నల్లగీత గీయడం కార్టూన్ల పాత అలవాటు. ఇక్కడ ఆ గీత తీసేసి, రంగు పక్కన రంగు పెట్టి ఆకారం తెప్పించారు. తెర నిండా బొమ్మ ఉండాలన్న తాపత్రయం కూడా లేదు. ఒక్కోసారి తెరను పట్టీలుగా కోసి, ఒకదాంట్లో కళ్లు, ఇంకోదాంట్లో కత్తిపిడి మీది చెయ్యి మాత్రమే చూపిస్తారు. దెబ్బ పడేది ఒక్క క్షణం. ఆ క్షణం కోసం మనల్ని నిమిషాలపాటు కూర్చోబెడతారు.

ముగ్గురు గుడ్డి విలుకాళ్ల ఎపిసోడ్‌ని మరోసారి పెట్టుకుని చూడు. మంచులో ఒక బురుజు, అందులో కోరిక తీర్చే బావి. దాని దగ్గరకు ఎవరు వచ్చినా బాణాల వాన కురుస్తుంది. జాక్ కూడా మొదటిసారి తట్టుకోలేక వెనక్కి తగ్గుతాడు. వాళ్లు కళ్లతో కాదు, చెవులతో గురి చూస్తున్నారని కనిపెట్టాక అతను చేసిన పనేమిటి? కళ్లకు గుడ్డ కట్టుకుని, మంచులో కూర్చుని వినడం మొదలుపెడతాడు. ఇక అక్కడి నుంచి మనకూ చీకటే. మంచు రాలే చప్పుడుతో సహా ఒక్కో శబ్దం విడివిడిగా చెవిన పడుతుంది. యుద్ధం గెలిచింది ఆ వినడంలోనే, తర్వాతి కత్తి విసురు లాంఛనం. అంత కష్టపడి బావి చేరుకున్నవాడు ఇంటికి పంపమని కోరుకున్నాడా? లేదు. ఆ బావే ఆ ముగ్గురినీ వాళ్ల కోరికతోనే బానిసలుగా కట్టేసిందని తెలుసుకుని దాన్ని పగలగొట్టేశాడు. ఇల్లు చేరే దారి చేతికందినట్టే అంది, ఇతరుల మేలు అడ్డొచ్చిందని వదులుకోవడం ఈ సీరియల్లో మళ్లీ మళ్లీ కనపడుతుంది. గమ్యం చేరనివాడి కథ 52 ఎపిసోడ్లు విసుగు లేకుండా సాగిందంటే, గమ్యం కన్నా అతని నడతే మనకు ముఖ్యమైందన్నమాట.

నెత్తురు సంగతీ అంతే. పిల్లల చానల్ కాబట్టి మనుషుల్ని నరకడం చూపించే వీలు లేదు. జాక్ కత్తికి తెగేవి యంత్రాలు, చిందేది నూనె. కట్టుబాటు వల్ల వచ్చిన ఆ పద్ధతి చివరికి కథకే బలమైంది. 2017లో పెద్దవాళ్ల కోసం మరో పది ఎపిసోడ్లు తీసినప్పుడు, కథలో యాభై ఏళ్లు గడిచి ఉంటాయి, జాక్ చేతిలో ఆ కత్తి కూడా ఉండదు. యంత్రమనుకుని ఒక శత్రువు గొంతు కోస్తే మనిషి నెత్తురు వస్తుంది. అది చూసి అతనే నిలువునా వణికిపోతాడు. ఎపిసోడుకో పదిమందిని నరికే కథలో ఆ ఒక్క చావుకు ఆ బరువు వచ్చేదా? అన్నేళ్లు ఆపుకున్నారు కాబట్టే వచ్చింది.

ఎంత చెప్పినా రోజూ నరుక్కోవడం చూస్తే పిల్లవాడి మనసు మొద్దుబారదా అని మీ అమ్మ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. సమురాయ్ పేరున్న ప్రతిదీ ఒకలా ఉండదు. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బ్లూ ఐ సమురాయ్’ పెద్దలకోసమే తీసింది, అందులో నెత్తురు ఏరులై పారుతుంది. ‘రురౌనీ కెన్షిన్’లో హంతకుడిగా బతికిన ఒకడు ఇక ఎవరినీ చంపనని ఒట్టుపెట్టుకుని, పదును వెనకవైపు ఉండే కత్తితో దేశం తిరుగుతాడు. నీకొక కొలత చెప్తాను. దెబ్బ పడ్డాక కథ ఏం చూపిస్తోందో చూడు. పడ్డవాడి నొప్పి, కొట్టినవాడి మనసులో మిగిలిన బరువు కనిపిస్తే ఆ కథ నీకు ఏదో నేర్పుతున్నట్టు. దెబ్బ తర్వాత ఇంకో దెబ్బ తప్ప ఏమీ లేకపోతే కట్టేసి నిద్రపో. ఈ కొలత పదేళ్ల పిల్లలకు సరిపోదు; మీ చెల్లెలు పక్కన కూర్చున్నప్పుడు ఏది పెట్టాలో పెద్దవాడిగా నువ్వే చూసుకోవాలి.

జపాను వాడి కథ మనకెందుకు, మన వీరులు లేరా అనేవాళ్లూ ఉంటారు. ఊరూరా తిరిగే వీరుడికి ఏ దేశమూ సొంతం కాదు. అమెరికా కౌబాయ్ సినిమాలు తీసిన జాన్ ఫోర్డ్ అంటే అకిరా కురొసావాకు గురి. ఆ కురొసావా 1961లో ‘యోజింబో’ తీస్తే, ఇటలీలో సెర్జియో లియోనే ఆ కథనే ఎత్తుకుని 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీసి దావా తెచ్చుకున్నాడు. ఆ ఇటలీ కౌబాయ్ సినిమాల ఊపే 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ అయింది. మీ తాత తరం ఈల వేసిన ఆ గుర్రపురౌతుకూ నీ జాక్‌కూ చుట్టరికం ఉంది. ఇక రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన రాజకుమారులు మన రెండు ఇతిహాసాల్లోనూ ఉన్నారు. ‘తోకచుక్క’ మొదలు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లలో వీరులంతా కొండలూ కోనలూ తిరిగేవాళ్లే. మన రాముణ్ణి జపానుకు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి 1990ల మొదట్లోనే యానిమేషన్‌లో తెరకెక్కించారు. ఆ సినిమా 2025 జనవరిలో తెలుగులో కూడా మన థియేటర్లకు వచ్చింది. వాళ్లు మన వనవాసాన్ని గీశారు, నువ్వు వాళ్ల సంచారిని చూస్తున్నావు. ఇందులో ఎవరికీ నామోషీ లేదు.

నామోషీ పడాల్సింది ఇంకోచోట ఉంది. బొమ్మలో బాగున్నాడు కదా అని అసలు సమురాయ్‌లనే ఆరాధించడం మొదలుపెట్టకు. చరిత్రలో వాళ్లు దొరల దగ్గర కొలువుచేసిన ఆయుధధారులు, రైతుల పన్నుల మీద బతికిన వర్గం. నడుముకు కత్తి కట్టడం అధికారానికి గుర్తు కాబట్టే 1876లో జపాన్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. జాగీర్దార్లూ దేశ్‌ముఖ్‌లూ ఏలిన నేల మీద పుట్టినవాళ్లం, ఆయుధం దొర పక్కన నిలబడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కథల్లో మనల్ని ఆకట్టుకునేవాడు దొర లేని సమురాయ్. ఎవరి కొలువూ లేక, ఎవరి పక్షాన నిలబడాలో ప్రతి ఊళ్లో తానే తేల్చుకోవాల్సినవాడు. మన జానపదులు కూడా కోటలో ఉన్నవాడి కన్నా కోటను ఎదిరించినవాడినే గుర్తుపెట్టుకున్నారు. మొగలుల చేతిలో 1710లో చనిపోయిన సర్వాయి పాపన్న కథను శారదకాండ్రు నేటికీ పాడుతున్నారంటే, మన పక్క పాలమూరులో పండుగ సాయన్న పాట ఇంకా బతికుందంటే కారణం అదే.

ఇప్పుడు బతుకుదెరువు మాట. ఇక్కడ మీ అమ్మ భయం నిజమైనదే, నేను కొట్టిపారెయ్యను. తెర మీద బొమ్మ కదలాలంటే సెకనుకు 24 ఫ్రేములు. 22 నిమిషాల ఎపిసోడుకు 31,680. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా దాదాపు 16 వేల బొమ్మలు. ‘సమురాయ్ జాక్’కు ఆలోచన అమెరికాది, ఆ బొమ్మల్ని కదిలించిన చాకిరీ కొరియా స్టూడియోది. మన హైదరాబాద్ స్టూడియోల్లోనూ ఎక్కువ పని ఇలా బయటి దేశాల కోసం చేసేదే. ఆ పనికి భరోసా తక్కువ. ఇక్కడ కూడా శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ పెట్టుకుంది, అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ గెలిచింది. నైపుణ్యం ఉన్నంత మాత్రాన జీతం ఆగదని చెప్పలేం. ఇటు చూస్తే, 2001లో రాజీవ్ చిలక హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ సొంత పాత్రను నమ్ముకుని 2008లో ‘ఛోటా భీమ్’తో దేశమంతా ఇంటింటికీ వెళ్లింది. గీత నేర్చినవాడికి పని దొరుకుతుంది. సొంత కథ ఉన్నవాడికి చోటు దొరుకుతుంది. చేరాలనుకుంటే మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. ప్రవేశ పరీక్షలో గీయమంటారు కాబట్టి ఇప్పటి నుంచే చెయ్యి తిరగాలి. లక్షలు గుంజి మూడు నెలల్లో ఉద్యోగమనే బోర్డుల జోలికి పోకు.

ఆ సొంత కథ ఎక్కడుందని అడుగుతావు. చెర్రీపూలూ, వెదురు వనాలూ గీస్తూ కూర్చుంటే అది ఎప్పటికీ ఎత్తుకొచ్చినదే. టార్టకోవ్‌స్కీ దగ్గర నేర్వాల్సింది ఆపడం, చూడటం, వినడం. వాటిని తెచ్చి నీ ఊరి మీద పెట్టు. తాండూరు బండల గనిలో మనిషి పని గమనించు. పొర ఎక్కడుందో చూసి, ఉలి అంచు దానికి ఆనించి, వరసగా తట్టుకుంటూ పోతాడు. పలక నిండుగా లేస్తుంది. ఒక్కచోట బలమంతా చూపిస్తే ముక్కలవుతుంది. పాలిష్ మిషన్ల కింద పారే బూడిదరంగు నీళ్లు, గోడకు ఆనించి నిలబెట్టిన నీలి పలకల వరసలు, చేతికొచ్చిన కందిచేను, మూసీ పుట్టే అనంతగిరి అడవి, ఎండాకాలం ఇసుక తేలిన కాగ్నా, ఒకే చాయ్ హోటల్లో తెలుగూ దక్కనీ ఉర్దూ కన్నడం కలిసిపోయే మాట, సంచారి కథకు ఇంతకన్నా ఏం కావాలి? తాండూరులాంటి సరిహద్దు ఊళ్లోకి ఎవరు వచ్చినా సగం పరాయివాడు, సగం మనవాడు. సంచారి ఉండేదే అలా.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. రెండు నిమిషాల బొమ్మ తియ్యి. అందులో కత్తి ఉండకూడదు, మాట ఉండకూడదు. కొత్త మనిషి ఒకడు తాండూరు స్టేషన్లో దిగి, ఎవరికో ఒక చిన్న సాయం చేసి, రైలు పోగొట్టుకోవాలి, అంతే. సెకనుకు 12 బొమ్మల చొప్పున 1,440 అవుతాయి. ఫోన్‌తో ఒక్కొక్కటీ ఫొటో తీసి వరసగా కలుపుకోవచ్చు, ఖర్చు కాగితాలదీ పెన్సిళ్లదే. నూరు బొమ్మలకే విసుగొస్తే సిగ్గుపడకు. మంచి ప్రేక్షకుడిగా ఉండి, వేరే చదువు చదువుకో. ఆఖరి బొమ్మ దాకా గీశాక కూడా ఇంకోటి గీయాలనిపిస్తే ఆ నోటుబుక్కులు పట్టుకుని రా. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ మేనమామ