బాబుకి పెట్టే పరికరం గురించి

అమ్మలూ,

ఫోన్‌లో తెగే మాట కాదు కనుక రాస్తున్నాను.

సరైన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందిది ఇదే కథ. నీ పెంపకంలో లోపమూ లేదు, ఎవరి దిష్టీ తగల్లేదు. ముందు డాక్టర్ని ఒకటి అడుగు: ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడుతున్నాయా, ఆ చోటు తీసేసే వీలుందా? ఉంటే పూర్తిగా ఆగే ఆశ ఆ ఆపరేషన్‌లోనే ఎక్కువ. ఎమ్మారై, వీడియో ఈఈజీ చూసి ఆ దారి లేదని తేల్చాకే ఈ పరికరం మాట.

ఎడమ ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ పెట్టి, సన్నని తీగని మెడలోని వేగస్ నరానికి చుడతారు. మెదడు జోలికి పోరని మీ అత్తగారికి చెప్పు. కుడివైపు నరానికి గుండె లయ మీద పట్టు ఎక్కువ, అందుకే ఎడమవైపు. మామూలుగా అర నిమిషం కరెంటు, ఐదు నిమిషాల విరామం, రాత్రింబవళ్లూ అంతే. కరెంటు వచ్చినప్పుడు గొంతు బొంగురుపోవచ్చు, దగ్గు రావచ్చు. పోనుపోను చాలామందికి సర్దుకుంటుంది. ఇదేమీ నిన్నటి ప్రయోగం కాదు. 1988లో అమెరికాలో మొదటి మనిషికి పెట్టారు. అక్కడ 1997లో పన్నెండేళ్లు నిండినవాళ్లకి, 2017లో నాలుగేళ్లు నిండిన పిల్లలకి కూడా అనుమతి వచ్చింది.

పరికరంతో పాటు ఒక అయస్కాంతం ఇస్తారు. ఫిట్స్ మొదలవగానే బ్యాటరీ మీదుగా ఒకసారి ఆడిస్తే అదనంగా కరెంటు పోతుంది. కొందరు పిల్లల్లో ఫిట్స్ అక్కడితో తెగిపోతాయి. అది చూసి, ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టమని పెద్దలు చెప్పింది ఇందుకేనని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. ఇనుములో ఏ మహిమా లేదు. అయస్కాంతం లోపలి పరికరానికి సంకేతం ఇస్తుంది, అంతే. పిల్లల వార్డులో నర్సుగా ఇన్నేళ్లు చేశాను, తాళాల కోసం ఇల్లంతా వెతుకుతూ బిడ్డని పక్కకి తిప్పడం మరిచిన తల్లులని చూశాను. పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తండి.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. రోజుకి పదిసార్లు పడిపోయే పిల్లాడు ఐదుసార్లే పడితే అది గెలుపేనా అన్నావు. ముమ్మాటికీ గెలుపే. తలకి తగిలే దెబ్బలు సగమవుతాయి. ఆ మిగిలిన గంటల్లో వాడు ఆడుకుంటాడు, బడిలో కూర్చుంటాడు, నువ్వు ఒక పూట కునుకు తీస్తావు. పెట్టించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఫిట్స్ సగానికి సగం తగ్గుతాయి. పూర్తిగా ఆగేది బహు కొద్దిమందికే. ఆ తగ్గడం కూడా వెంటనే కాదు, ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. మూడు నెలలకే లాభం లేదని నిరాశపడొద్దు. డాక్టర్ చెప్పకుండా మందులు ఒక్క పూట కూడా మానొద్దు.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. కొన్నేళ్లకి బ్యాటరీ మార్చాలి, మళ్లీ చిన్న ఆపరేషన్. ఆ రెండో ఖర్చు సంగతి కూడా అల్లుణ్ణి ఇప్పుడే కనుక్కోమను. ఎక్కడ ఎమ్మారై తీయాలన్నా పరికరం ఉందని ముందే చెప్పాలి.

ఒక నోటుబుక్ కొని, ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఎంతసేపున్నాయి, పడ్డాడా లేదా, ఇవాళ్టి నుంచే రాయి. పెట్టకముందు లెక్క లేకపోతే పెట్టాక ఏం తగ్గిందో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్ తేదీ తెలియగానే కబురు చెయ్యి, ఆస్పత్రిలో రాత్రులు నేనుంటాను.

మీ పెద్దమ్మ